మనిషికి నాలుగు కోట్లు

2025 అక్టోబరులో మా ఇంటి వాట్సాప్ గ్రూపులోకి రెండు తుపాన్లు వచ్చాయి. 28న వచ్చిన మొంథా మన మీదకే వచ్చింది కాబట్టి దాని గురించి ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. మా అమ్మమ్మవాళ్ల ఊరు ఉప్పాడ పక్కనే. వాయుగుండం అన్న మాట వినపడితే చాలు, మా అమ్మ ఫోన్ చేతిలోంచి దించదు. దానికి రెండు వారాల ముందు ఇంకొకటి వచ్చింది, అలాస్కాలో. దాన్ని గ్రూపులోకి తెచ్చింది మా బావ.

బావంటే పెద్ద మావయ్య కొడుకు. డాలస్‌లో ఉంటాడు. ఇళ్లు దిమ్మెల మీంచి లేచి, నీళ్లలో పడవల్లా కొట్టుకుపోతున్న వీడియో ఒకటి పెట్టి, కింద "ఇలాంటి చోట ఎందుకుంటార్రా జనం?" అని రాశాడు. ఆ రాత్రే ఇంకో మెసేజ్. ఆ ప్రాంతంలోనే ఉన్న ఇంకో ఊరిని ఇప్పటికే ప్రభుత్వం మొత్తంగా వేరేచోటికి మార్చిందట. 350 మందికి 16 కోట్ల డాలర్ల పైన ఖర్చయిందట. లెక్క కూడా తనే వేశాడు: మన డబ్బుల్లో దాదాపు 1,400 కోట్లు, మనిషికి సుమారు నాలుగు కోట్లు. "అందులో సగం ఇచ్చినా ప్రతి ఒక్కడూ యాంకరేజ్ సిటీలో ఇల్లు కొనుక్కుని హాయిగా ఉండేవాడు. నా ట్యాక్స్ డబ్బులురా ఇవి."

గ్రూపులో నాలుగు బొటనవేళ్లు లేచాయి. నాకు కోపం వచ్చింది కానీ జవాబు దొరకలేదు. ఎందుకంటే లెక్క తప్పు కాదు. ఆ తర్వాత కొన్ని నెలలు ఆ ఊళ్ల గురించి దొరికిందల్లా చదివాను. ఇది బావకి రాస్తున్న ఆలస్యపు జవాబు అనుకోండి.

ముందు ఆ వీడియో సంగతి. అవి కిప్‌నుక్, క్విగిలింగోక్ అనే ఊళ్లు. అలాస్కా పశ్చిమ తీరంలో, యూకాన్, కుస్కోక్విమ్ నదుల డెల్టాలో, బేరింగ్ సముద్రం ఒడ్డున ఉంటాయి. అక్కడి ఆదివాసులైన యూపిక్ ప్రజల ఊళ్లు. ఒకదానిలో ఏడు వందల మంది, ఇంకోదానిలో నాలుగు వందల మంది ఉంటారేమో. రోడ్డు లేదు. చిన్న విమానం, పడవ, చలికాలంలో స్నోమొబైల్, అంతే. జపాన్ వైపు పుట్టిన హలాంగ్ తుపాను మిగిలిన బలంతో అక్టోబరు 12న వీటి మీద పడింది. కొందరు తమ ఇంట్లో ఉండగానే ఇల్లు తేలి వెళ్లిపోయింది. ఒకామె చనిపోయింది, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. వందల మందిని సైనిక విమానాల్లో యాంకరేజ్‌కి చేర్చారు. అంటే బావ కోరుకున్న చోటికే.

బావ చెప్పిన ఇంకో ఊరు న్యూటాక్. దాని కథ మొదటి నుంచి చెప్పకపోతే ఆ నాలుగు కోట్ల లెక్క అర్థం కాదు.

న్యూటాక్ వాళ్ల తాతముత్తాతలు ఒకచోట కదలకుండా ఉన్నవాళ్లు కారు. చలికాలానికి మట్టిగడ్డలు కప్పిన ఇళ్లలో ఒకచోట, వేసవికి చేపలు ఎక్కివచ్చే ఏటి ఒడ్డున ఇంకోచోట. నేల మెత్తబడితే, ఏరు దారి మార్చుకుంటే, వాళ్లూ మారేవాళ్లు. న్యూటాక్ అనే చోటికి 1949లో వచ్చారు. తర్వాత 1958లో కేంద్ర ప్రభుత్వ శాఖ అక్కడ బడి కట్టింది. ఆ చోటే ఎందుకంటే, బడి సామాను మోసుకొచ్చిన పెద్ద పడవ ఏటిలో అంతకంటే పైకి పోలేకపోయింది. నేల గట్టిదా, వరద వస్తుందా అని ఎవరూ చూడలేదు. పిల్లలు బడికి రావాలన్నది నిబంధన. పిల్లలు ఒకచోట ఉంటే తల్లిదండ్రులు ఇంకోచోటికి ఎక్కడికి పోతారు?

నేను బడిపంతుల్ని. ఈ ముక్క చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను. ఊరికి బడి రావడమంటే మనకి వరం. అక్కడ బడి ఒక గుంజ. ఆవుని గుంజకి కట్టినట్టు ఊరిని బురద నేలకి కట్టేశారు. ఆ తర్వాత బడికి తోడుగా చర్చి, కరెంటు, డీజిల్ ట్యాంకులు, విమానం దిగే చోటు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. కదిలే జనాన్ని కదలని సామాను పెట్టి నిలబెట్టేశాక, అరవై డెబ్బై ఏళ్లకి "ఇలాంటి చోట ఎందుకుంటారు?" అని అడుగుతున్నాం.

కింద నేల సంగతి చెప్పాలి. ఆ డెల్టాలో మట్టి అడుగున ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే పొర ఉంటుంది. పర్మాఫ్రాస్ట్ అంటారు. మట్టిని రాయిలా పట్టి ఉంచేది ఆ మంచే. అది కరిగితే నేల కుంగుతుంది, ఒడ్డు కేకు ముక్కలా విరిగి పడుతుంది. రెండోది సముద్రపు మంచు. శరదృతువు తుపాన్లు ఆ తీరానికి కొత్త కాదు. కానీ పూర్వం అవి వచ్చే వేళకి ఒడ్డు వెంబడి మంచు పేరుకునేది. అల దాని మీద విరిగి చల్లారిపోయేది. ఇప్పుడు ఆ మంచు ఆలస్యంగా కడుతోంది. దాంతో అక్టోబరు అల నేరుగా ఒడ్డుని కొడుతోంది. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి మిగతా భూమికంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వచ్చిన ఒక పరిశోధన లెక్క తేల్చింది. న్యూటాక్ దగ్గర నింగ్లిక్ నది ఏటా సగటున 70 అడుగుల ఒడ్డు తినేసింది. మన ఇళ్ల స్థలాల లెక్కలో చెప్పాలంటే ఏడాదికో ప్లాటు పొడవు.

నేల కరగడం, వరద, కోత, ఈ మూడూ కలిసి నేల ఒక్కసారిగా కూలిపోవడానికి యూపిక్ భాషలో ఒక మాట ఉంది: ఉస్తెక్. 2018లో అలాస్కా రాష్ట్రం తన విపత్తుల ప్రణాళికలో ఈ మాటని అలాగే చేర్చింది. ఒక్క మాట కోసం ఇంత హడావిడి ఏమిటి అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. అమెరికాలో కేంద్రం విపత్తు సాయం ఇవ్వాలంటే అదొక "విపత్తు" అయి ఉండాలి. తుపాను విపత్తు, భూకంపం విపత్తు. ఏటా కొంచెం కొంచెంగా ఊరు నదిలో కలిసిపోవడం ఆ జాబితాలో లేదు. న్యూటాక్ వాళ్లు మా ఊరిని విపత్తుగా ప్రకటించండి అని అధ్యక్షుడికి అర్జీ పెట్టుకుంటే 2017 జనవరిలో కుదరదన్నారు. ఒకే రాత్రి కూలితే డబ్బొస్తుంది, ముప్పై ఏళ్ల పాటు కూలితే రాదు. ఉస్తెక్ అన్న మాటని కాగితం మీదకి తేవడం ఆ గోడకి కన్నం పెట్టే ప్రయత్నం.

ఊరు మారిపోదామని న్యూటాక్ వాళ్లు అనుకున్నది 1994లో. గవర్నమెంటు చెప్పి కాదు, వాళ్లే కూర్చుని అనుకున్నారు. చోటు కూడా వాళ్లే చూసుకున్నారు. నదికి ఆవల, తొమ్మిది మైళ్ల దూరంలో, నెల్సన్ దీవి మీద రాతినేల. మెర్టార్విక్ అంటారు, ఊటనీళ్లు తెచ్చుకునే చోటని అర్థం. ఆ నేల వన్యప్రాణి శాఖది. దాన్ని మార్పిడి చేసుకోవడానికి అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేయాల్సి వచ్చింది, 2003లో అయింది. మొదటి కుటుంబాలు కొత్త ఇళ్లలోకి వెళ్లింది 2019 అక్టోబరులో. చివరివాళ్లు వెళ్లింది 2024లో. ముప్పై ఏళ్లు!

మధ్యలో ఏం జరిగిందో వింటే మన ఆఫీసులు గుర్తొస్తాయి. కొత్తచోట బడి కట్టాలంటే అక్కడ కనీసం ఇంతమంది పిల్లలు ఉండాలి. పిల్లలు ఉండాలంటే బడి ఉండాలి. విమానాశ్రయానికి జనం కావాలి, జనానికి విమానాశ్రయం కావాలి. ఈలోపు పాత ఊళ్లో కొత్తగా ఏదీ కట్టరు, ఎలాగూ పోయే ఊరే కదా అని. పడవలు ఆగే రేవు పోయింది, చెత్త వేసే చోటు పోయింది. ఇళ్లలో కుళాయి లేదు, మరుగుదొడ్డి లేదు. బకెట్టు వాడుకుని బయట పారబోసుకోవాలి. దానికి పెట్టిన ముద్దు పేరు హనీ బకెట్. ఊరిని మార్చే పనికి బాధ్యుడైన శాఖంటూ ఒకటి లేదు. డజన్ల కొద్దీ శాఖలు, ఒక్కోదానికీ ఒక్కో దరఖాస్తు, ఒక్కో గడువు. 350 మంది ఉన్న ఊరు వీటన్నిటికీ పత్రాలు రాయాలి.

ఇప్పుడు బావ లెక్కకి వస్తాను. ఆ 16 కోట్ల డాలర్లు 350 మంది జేబుల్లోకి వెళ్లినట్టు తను భాగించేశాడు. ఆ డబ్బుతో కట్టింది ఊరు. రోడ్లు, కరెంటు స్టేషను, రన్‌వే, రేవు, నీళ్లు. డాలస్‌లో తను ఇల్లు కొన్నప్పుడు తన వాటా ఎయిర్‌పోర్టు ఖర్చు, తన వాటా మురుగునీటి ప్లాంటు ఖర్చు ఆ ధరలో రాసి లేవు. ఎప్పుడో, ఎవరో కట్టేశారు. వాటిని కూడా తలసరి భాగిస్తే డాలస్ మనిషి ఖరీదెంతో చూడాలని నాకు సరదాగా ఉంది.

ఇంకోటి. 2003లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ చూసినప్పుడే అలాస్కాలోని 213 ఆదివాసీ గ్రామాల్లో 184 ఊళ్లకి వరదో కోతో తగులుతోందని తేలింది. అందులో నాలుగు ఊళ్లకి ముప్పు నెత్తి మీదే ఉందని పేర్లతో సహా రాశారు. న్యూటాక్ అందులో ఉంది. అప్పుడే ఒక శాఖకి పని అప్పగించి ఉంటే ఎంతలో అయ్యేదో గానీ, ఇరవై ఏళ్లు వాయిదా వేసి, ఏటా పెరిగిన ఖర్చుని ఆ ఊరివాళ్ల ఖాతాలో రాయడం మాత్రం న్యాయం కాదు.

యాంకరేజ్ మాటకొస్తే, అది ఇప్పుడు ఊహ కాదు. హలాంగ్ తర్వాత వెళ్లిన వాళ్లు అక్కడ ఉన్నారు. మొదట స్టేడియంలో, తర్వాత హోటళ్లలో. యూపిక్ భాషలో చెప్పే బడి ఒకటి యాంకరేజ్‌లో ఉండడంతో కొందరు పిల్లలు అందులో చేరారు. అది నిజంగా మంచి సంగతి. కానీ పెద్దవాళ్లు మాటిమాటికీ చెప్పిన నష్టం ఫ్రీజర్ల గురించి. ఇల్లు పోయిందనే దానికంటే ముందు ఫ్రీజరు పోయిందన్నారు. అందులో ఆ ఏడాది తిండి ఉంది: సాల్మన్ చేపలు, దుప్పి మాంసం, సీల్ నూనె, బాతులు, ఎండాకాలం ఏరుకున్న పళ్లు. సరుకులన్నీ విమానంలో వచ్చే చోట అంగట్లో కొనుక్కుని బతకడం ఎవరి తరమూ కాదు. వేట ఉంటేనే వంట. మా తాతయ్యవాళ్లు కూడా చేపలకి వెళ్లడాన్ని వేట అనే అంటారు, "వేటకెళ్లొచ్చాడు" అని. యాంకరేజ్‌లో ఆ మనిషికి ఇల్లు ఇవ్వొచ్చు. వేట ఎక్కడ ఇస్తావు బావా?

ఇంతవరకు చదివి ఆ ఊళ్లవాళ్లంతా జ్ఞానులూ ప్రభుత్వమంతా దుర్మార్గమూ అని నేను తేల్చేశానని అనుకోకండి. న్యూటాక్‌లో 2012 ప్రాంతంలో ఊళ్లోనే రెండు వర్గాలు, మేమే అసలు పంచాయతీ అంటే మేమే అని తగువు పడ్డాయి. కొన్నేళ్లు నిధులు ఆగిపోయాయి. మనకి తెలియని విద్య ఏమీ కాదది. ఇక మెర్టార్విక్‌లో కట్టిన ఇళ్లు. 2025లో విలేకరులు వెళ్లి చూస్తే, చాలా ఇళ్లలో పునాదులు కదిలాయి, గోడలకి చెమ్మ, బూజు. ఇళ్లలో చాలావాటికి కుళాయి నీళ్లు ఇంకా రాలేదు. బకెట్టు నది దాటి వాళ్లతోపాటే వచ్చింది. ఈ సంగతి బావకి చెప్పకుండా దాచుకోవాలని నాకు నిజంగానే అనిపించింది.

కానీ అది నా వాదనకే దగ్గరగా ఉంది. అదే చోట, అంతకు ముందే, వేరే రకం ఇల్లు కట్టి చూపించారు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో చలిప్రాంతపు ఇళ్ల మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఒకటుంది. వాళ్లు ముందుగా క్విన్‌హగాక్ అనే ఊళ్లో ఎనిమిది పలకల ఇల్లు కట్టారు. డెబ్బైల్లో బయటివాళ్లు కట్టించిన పెట్టెల్లాంటి ఇళ్లు చెమ్మతో కుళ్లిపోతుంటే, ఊరి పెద్దలతో కూర్చుని, పాత మట్టిగడ్డల ఇళ్లు గాలికి ఎలా నిలిచాయో విని గీసిన నమూనా అది. మెర్టార్విక్‌లో కట్టిన నమూనా ఇంటి అడుగున మంచు మీద లాగే స్లెడ్జి బండికి ఉన్నట్టు దుంగలు పెట్టారు. నేల కుంగితే సరిచేసుకోవచ్చు, అవసరమైతే ఇంటినే లాక్కెళ్లొచ్చు. డెబ్బై ఏళ్ల కిందట బడి పేరుతో తీసేసుకున్న కదలికని ఆ దుంగలు కాస్త వెనక్కి ఇస్తున్నాయి. తర్వాత హడావిడిగా, తక్కువలో కానిచ్చిన ఇళ్లలో ఈ ఆలోచన ఎటు పోయిందో! ఇల్లు ఎలా ఉండాలో ఉండబోయేవాళ్లని అడిగి కట్టినవి ఒక రకంగా, అడక్కుండా కట్టినవి ఒక రకంగా తేలాయి.

గోడల గురించి ఒక మాట. సముద్రం కోస్తుంటే ఎవరికైనా ముందు తట్టేది గోడే. కివలీనా అనే ఇనుపియాట్ ఆదివాసుల ఊళ్లో 2006లో ఇసుక నింపిన తీగ బుట్టలతో గోడ కట్టారు. ప్రారంభోత్సవం జరగాల్సిన సమయానికే తుపాను వచ్చి దాన్ని చెడగొట్టింది. తర్వాత రాళ్లు పోశారు, అవి నిలిచాయి. ఆ ఊరు ఇరవై నాలుగు చమురు, విద్యుత్, బొగ్గు కంపెనీల మీద 2008లో దావా కూడా వేసింది. కోర్టులు కొట్టేశాయి. అయితే నాకు కివలీనాలో నచ్చింది ఆ కేసు కాదు. ఊరు మొత్తం కదలడానికి డబ్బు ఎప్పటికీ రాదని అర్థమయ్యాక వాళ్లు తప్పించుకునే దారి అడిగారు. నీటిపాయ దాటి లోపలి గుట్ట దాకా ఎనిమిది మైళ్ల రోడ్డు, గుట్ట మీద కొత్త బడి. అక్కడ బడి మళ్లీ గుంజే, కానీ ఈసారి గట్టి నేలలో పాతారు. ఊరు దాని చుట్టూ నెమ్మదిగా చేరవచ్చు. నపాకియాక్ అనే ఊరు ఇంకో పద్ధతి పట్టింది: ఒకేసారి కాకుండా, నది దగ్గరికొచ్చిన కట్టడాన్ని వచ్చినట్టు వెనక్కి జరుపుతూ పోవడం. షిష్మారెఫ్ అనే ఊరివాళ్లు 2016లో ఓటు పెట్టుకుంటే 89 మంది కదులుదామన్నారు, 78 మంది ఉందామన్నారు. ఇంకా అక్కడే ఉన్నారు. ఆ 78 మందిని మూర్ఖులనడానికి నాకు నోరు రాదు.

కిప్‌నుక్‌కి నది ఒడ్డు కాపాడుకోవడానికి 2 కోట్ల డాలర్ల గ్రాంటు మంజూరైంది. 2025 మేలో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. అక్టోబరులో ఊరు మునిగింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చాలామంది రాశారు. నిజం చెప్పాలంటే గ్రాంటు ఉన్నా అక్టోబరుకల్లా పని అయ్యేది కాదు, ఆ అల ఆగేదీ కాదు. నాకు బాధ కలిగించేది వేరే. ఆ ఊరు తన మొదటి పెద్ద గ్రాంటుకి కాగితాలు రాసుకోవడానికి ఎన్నేళ్లు కూర్చుని ఉంటుందో, రద్దు చేయడానికి ఎన్ని నిమిషాలు పట్టి ఉంటుందో.

అన్నీ ఇళ్లూ గోడలే కాదు. కెనడా ఈశాన్య తీరంలో నేయిన్ అని ఇన్యూట్ ఆదివాసుల ఊరు. 2009–10 చలికాలంలో మంచు సరిగా కట్టక, ఎక్కడ కాలు పెట్టవచ్చో పెద్దవాళ్లకే అంచనా తప్పింది. మంచంటే వాళ్లకి రోడ్డు. అక్కడి నుంచి పుట్టిందే స్మార్ట్ఐస్. మంచులో పాతి మందం కొలిచే పరికరాలు కొన్ని, స్నోమొబైల్ వెనక బండికి కట్టి లాగుతూ మందం కొలిచే పరికరం ఒకటి. ఒక యూనివర్సిటీ ఆచార్యుడు మొదలుపెట్టాడు. పరికరం ఎటు లాగాలో నిర్ణయించేది మాత్రం ఊరివాళ్లు. ఎక్కడ ప్రవాహం కింద నుంచి మంచుని తినేస్తుందో వాళ్లకే తెలుసు. ఆ పని చేసే కుర్రవాళ్లకి జీతం కూడా ఉంది. పర్యావరణం మీద మాట్లాడే సభల్లో "స్థానిక జ్ఞానం" అనే మాట తరచుగా వింటుంటాం, చాలాసార్లు శాలువా కప్పి పంపేస్తారు. జీతం ఇవ్వడం నాకు నచ్చింది.

బావకి నేను చెప్పదలచుకుంది ఇదే. ఉత్తరాన ఉన్న ఆ తీరపు ఊళ్లకి మారడం రాదని కాదు, మారడమే వాళ్ల బతుకు. ఎప్పుడు, ఎక్కడికి, ఎలా అన్నది వాళ్లు తేల్చుకుంటే, ఊరు కూలకముందే డబ్బు చేతికి రావాలి, ఒక్క శాఖ నుంచి రావాలి. అంతకుమించి వాళ్లు అడుగుతున్నది లేదు.

ఇదంతా ఇంత పట్టించుకోవడానికి నా కారణం నాకుంది. ఉప్పాడ వైపు తీరాన్ని చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి జియోట్యూబులు వేశారు, చిరిగాయి. రాళ్లు వేశారు, జారాయి. అమ్మమ్మవాళ్ల ఇల్లు నేను ఏడో తరగతిలో ఉండగా పోయింది. ముందు వంటిల్లు, మరుసటి ఏడు పడమటిల్లు. అంతకు ముందే రెండుసార్లు వెనక్కి జరిగారట. అలాస్కా వాళ్లకంటే మనకి ఉన్న సుఖం ఏమిటంటే వెనక్కి జరగడానికి రోడ్డుంది, పది పన్నెండు మైళ్లలో కాకినాడ ఉంది. బావ చదువుకుని డాలస్ వెళ్లి, వాళ్ల నాన్నకి కాకినాడలో ఫ్లాటు కొన్నాడు. లిఫ్టు, జనరేటరు అన్నీ ఉన్నాయి. మనిషికి నాలుగు కోట్లు కాకపోయినా బానే అయింది.

ఇదంతా గ్రూపులో కాకుండా బావకే విడిగా పంపాను. రెండు రోజులు చూసి, ఫోన్ చేశాడు.

"అంతా చదివాన్రా. అయినా మా నాన్న సుఖంగానే ఉన్నాడుగా? రోజూ పొద్దున్నే వాకింగ్‌కి కూడా వెళ్తున్నాడు."

నేను పిఠాపురంలో ఉంటాను, కాబట్టి మావయ్య తెల్లవారకముందే మోపెడ్ వేసుకుని ఎక్కడికి వెళ్తాడో నాకు తెలుసు. ఉప్పాడ వెళ్తాడు. ఇల్లుండేచోటు ఇప్పుడు నీళ్లలో ఎంత లోపలుందో కళ్లతో కొలిచి, వేటనుంచి వచ్చే బోట్ల దగ్గర కాసేపు నిలబడి, ఎవరిదో వల ఒక గంట బాగుచేసి, ఎనిమిదింటికల్లా ఫ్లాటుకి వచ్చేస్తాడు. డబ్బేం తీసుకోడు. బావకి చెప్పొద్దన్నాడు కాబట్టి ఆ ఫోన్లో చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మొంథా దెబ్బకి కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు తెగిన ఆ వారం, మావయ్య రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒకటే అడిగాడు: "బండి పట్టేంత దారైనా వేశారంటావా?"